కలహగృహంలో పితామహి ఒడి

సంపన్నుల ఇండ్లలో పుట్టే కలహానికి ఒక విశేష లక్షణం ఉంది. అది వీధికి వినిపించదు. పేదవాని ఇంట మాటామాటా పెరిగితే ఇరుగుపొరుగువారు వస్తారు. ఎవరో ఒక ఇల్లాలు ఏడుస్తున్న పసివానిని చంకనెత్తుకొని పోయి ఇంత పెరుగన్నం కలిపి పెడుతుంది. ధనవంతుని ఇంటి గోడలు మందమైనవి, ప్రహరీ ఎత్తైనది, ద్వారం వద్ద కావలివాడు ఉంటాడు. అన్నదమ్ముల భాగపంపకాల వ్యాజ్యమైనా, దంపతుల వైమనస్యమైనా, దాయాదుల మధ్య మౌనంగా సాగే వైరమైనా ఆ గోడల లోపలనే రగులుతుంది. అక్కడ పెరిగే శిశువుకు వస్త్రాలకు కొదవ లేదు, విద్యకు కొదవ లేదు, వాహనానికి కొదవ లేదు. తన నుండి ఏమీ ఆశించని మనిషి మాత్రం ఆ ఇంట దొరకదు. తండ్రి వానిలో తన వ్యాపారానికి వారసుని చూస్తాడు. తల్లి, పాపం, తన దుఃఖానికి సాక్షిని వెతుక్కుంటుంది. పినతండ్రి కంటికి వాడు రేపటి భాగస్థుడు. నౌకర్లకు వాడు చిన్న యజమాని. ఇందరి మధ్య "అన్నం తిన్నావా నాన్నా?" అని అడిగి, ఆ ప్రశ్నకు మాత్రమే సమాధానం కోరేది ఒక్క నాయనమ్మ, లేదా అమ్మమ్మ.

అందుకే పెద్ద గొంతులు లేచినప్పుడు పిల్లలు ఆమె గదికే పోతారు. ఆ గదిలో ఏమున్నదని? ఒక మంచం, ఒక దేవుని పీట, ఆరిన అగరువత్తి వాసన, అట్ట చిరిగిన సహస్రనామ పుస్తకం. ఇంటిలో అన్నిటికంటె తక్కువ ఖరీదు చేసే వస్తువులన్నీ ఆ గదిలోనే ఉంటాయి. అయినా పిల్లవానికి నిద్ర అక్కడే పడుతుంది.

దీనికి కారణం అడిగితే లోకం చెప్పే జవాబు ఒకటే: ముసలివారు గారాబం చేస్తారు గనుక. ఈ జవాబు సరియైనది కాదు. గారాబం చేసేవారు ఆ ఇంట ఇంకా చాలామంది ఉంటారు. కలహించే తల్లిదండ్రులే పోటీ పడి ఆటవస్తువులు కొనిపెడతారు. గారాబం వల్ల శరణం లభించేదైతే అటువంటి పిల్లలు అందరికంటె నిశ్చింతగా ఉండవలసింది. పితామహి స్నేహం శరణ్యం కావడానికి హేతువు వేరు. దానిని ధర్మశాస్త్రంలోనే వెతకాలి.

గృహస్థుడు వానప్రస్థానికి ఎప్పుడు సిద్ధం కావాలో చెబుతూ మనువు మూడు గుర్తులు పేర్కొన్నాడు: శరీరాన ముడతలు, తలపై నెరసిన వెంట్రుకలు, సంతానానికి సంతానం. మూడవ గుర్తు మిక్కిలి గమనించదగినది. మనుమడు పుట్టిన దినమే అధికారం విడువవలసిన కాలానికి ఆరంభం. అమ్మమ్మ కావడమూ నాయనమ్మ కావడమూ వానప్రస్థమూ ఒకే ముహూర్తాన మొదలవుతాయన్నమాట. వెంటనే తరువాతి శ్లోకంలో, వనానికి పోయేవాడు భార్యను పుత్రులకు అప్పగించి పోవచ్చు, లేదా వెంట తీసుకొని పోవచ్చు అని వికల్పం చెప్పబడింది. ఈ వికల్పం వలన స్త్రీకి ఒక విశిష్ట స్థితి ఏర్పడింది. ఆమె ఇంటిలోనే ఉంటుంది, కాని ఇల్లు ఆమె ఏలుబడిలో ఉండదు. అడవికి పోకుండానే ఆమెకు వానప్రస్థం సిద్ధిస్తుంది. ఆ స్థితిలో పుట్టే వాత్సల్యానికి ఫలాపేక్ష సహజంగానే సన్నగిల్లుతుంది. మనుమడు ఉన్నతుడై సంపాదించే నాటికి తాను ఉండనని ఆమెకు తెలుసు. తల్లి ప్రేమలో భయం ఉంటుంది, తండ్రి ప్రేమలో ప్రణాళిక ఉంటుంది. ఆమె ప్రేమలో ఆ రెండూ పలుచబడి, ఎదుట ఉన్న శిశువు మాత్రమే మిగులుతాడు. నిష్కామకర్మను గూర్చి ఉపన్యాసాలు వినేవారు ఈ ఉదాహరణను తమ ఇంటిలోనే చూడవచ్చు.

బృహదారణ్యకంలో పుత్రుడు పుత్రుని కొరకు ప్రియుడు కాడు, ఆత్మ కొరకే ప్రియుడని యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి బోధించిన సందర్భం ఆస్తి పంపకమే అన్న సంగతి చాలామంది మరచిపోతారు. ఇద్దరు భార్యలకు ధనం పంచి వెళ్ళబోతూ చెప్పిన మాట అది. మమకారం ఎక్కడ ఆగాలో తేల్చుకోవలసిన సమయం పంపకాల సమయమే.

ఐశ్వర్యమూ కలహమూ కలిసి ఉన్న కుటుంబం అనగానే భారతీయుని మనస్సుకు తోచేది కురువంశం. దానిలో బాలురు పెరిగిన తీరును పితామహుల వైపు నుండి అందరూ చూస్తారు; పితామహుల పక్కన ఉండవలసిన స్త్రీల వైపు నుండి చూసేవారు అరుదు. పాండురాజు శతశృంగంపై మరణించాడు. అయిదుగురు బాలురతో కుంతి హస్తినాపురం చేరింది. శ్రాద్ధకర్మలు ముగిశాయి. అప్పుడు వ్యాసుడు తల్లి సత్యవతి వద్దకు వచ్చి, సుఖదినాలు గడచిపోయాయి, రాబోవు కాలం దారుణమైనది, కులనాశం కళ్ళారా చూడకుండా తపోవనానికి పొమ్మని హితవు చెప్పాడు. సత్యవతి కోడలు అంబికకు ఆ మాట చెప్పింది; అంబిక కుమారుని దుర్నీతి వలననే ఈ వంశానికి నాశం రానున్నదనీ చెప్పింది. పుత్రశోకంలో ఉన్న అంబాలికను వెంటబెట్టుకొని, భీష్ముని అనుమతి పొంది, ముగ్గురూ అడవికి పోయారు. అక్కడే తపస్సు చేసి దేహాలు విడిచారు.

అంబిక కౌరవులకు నాయనమ్మ. అంబాలిక పాండవులకు నాయనమ్మ. ఒకే దినాన ఇరుపక్షాల బాలురకూ నాయనమ్మలు లేకుండా పోయారు. పాండవులైతే అంతకు ముందే తండ్రిని కోల్పోయి, మాద్రేయులు తల్లిని కూడ కోల్పోయి, కొత్త నగరానికి వచ్చినవారు. ఇతిహాసంలో ఆ తరువాత వచ్చేది బాలుర ఆటలు, భీముని బలం చూసి దుర్యోధనునికి పుట్టిన మాత్సర్యం, ప్రమాణకోటిలో విషాన్నం. ఈ రెండు ఘట్టాలకూ మధ్య ఎడం లేదు.

భీముడు కనబడకపోయిన నాడు కుంతి ఎవరి వద్దకు పోయింది? ఆ అంతఃపురంలో ఆమె కన్నీరు చెప్పుకోదగిన పెద్ద ఇల్లాలు ఒక్కరూ లేరు. విదురుని పిలిపించింది. విదురుడు చెప్పినది ఏమి? పైకి మాట్లాడవద్దు, మిగిలిన కుమారులను కాపాడుకో, అన్నాడు. ఆ స్థితిలో అంతకంటె మంచి సలహా లేదు. కాని, మౌనం పాటించి ప్రాణాలు కాపాడుకోవలసిన ఇంటిని ఇల్లు అనడం కష్టం. భీష్ముడు ఉన్నాడు గదా అంటే, ఉన్నాడు. ఆయన సింహాసనానికి కట్టుబడినవాడు. ఆయన ఒడిలో ఆడిన బాలురు తరువాత ఆయనపైనే బాణాలు వేయవలసివచ్చింది. రాజ్యభారం వహించే చేయి ఎంత ప్రేమగలదైనా పిల్లవానికి అది రాజహస్తమే.

సత్యవతి చేసినది తప్పు అనడం ఇక్కడ అభిప్రాయం కాదు. స్వయంగా వ్యాసుడే చెప్పాడు, శాస్త్రమూ సమ్మతించింది. ఆమె చూసిన మరణాలు తక్కువ కాదు. భర్తను, ఇద్దరు కుమారులను, మనుమని పోగొట్టుకొన్న స్త్రీకి ఇంకొక శ్మశానం చూడుమని ఎవరు చెప్పగలరు? అయినా ఆ ప్రయాణంతో అనాథలైనది ఎవరో కూడ చెప్పుకోవాలి. రాబోయే ఆపద తెలిసినవారు ముగ్గురూ వెళ్ళిపోయారు. తెలియని నూటఅయిదుగురు బాలురు మిగిలారు.

ఇదే కుటుంబం మరల మూడు తరాల తరువాత. సుభద్ర పదునారేండ్ల కుమారుని యుద్ధంలో పోగొట్టుకొన్నది. కోడలు ఉత్తర గర్భంలోని పిండంపై అశ్వత్థామ అస్త్రం ప్రయోగించాడు. శిశువు నిర్జీవంగా పుట్టాడు. అప్పుడు కృష్ణుని ఎదుట నిలిచి ప్రాణభిక్ష అడిగినవారిలో సుభద్ర ముఖ్యురాలు. చెల్లెలి మాట కాదనలేని అన్న అన్నది ఒక ఎత్తు. తన కుమారుడు ఎట్లాగూ తిరిగి రాడు, ఆ కుమారుని కుమారుడైనా దక్కాలని ఒక నాయనమ్మ దైవాన్ని నిలదీయడం ఇంకొక ఎత్తు. పరీక్షిత్తు జీవితం ఆ ప్రార్థనతో మొదలైంది.

యుద్ధం తరువాత పదునైదేండ్లకు ధృతరాష్ట్ర గాంధారులు అడవికి పోతూంటే కుంతి కూడ వారి వెంట పోయింది. సుభద్ర పోలేదు. ముప్పదియారవ ఏట యాదవులు నశించారు, కృష్ణుడు నిర్యాణం చెందాడు. పాండవులు మహాప్రస్థానానికి సిద్ధమయ్యారు, ద్రౌపది కూడ వారి వెంట నడిచింది. అప్పుడూ సుభద్ర పోలేదు. పోవద్దని కాదు, ఆమెకు పని అప్పగించబడింది గనుక. ధర్మరాజు ఆనాడు చేసిన ఏర్పాట్లు శ్రద్ధగా చూడదగినవి. రాజ్యపర్యవేక్షణ యుయుత్సునికి అప్పగించాడు. విద్య కృపాచార్యునికి అప్పగించాడు. సుభద్రను పిలిచి, నీ కుమారుని కుమారుడు హస్తినాపురంలో కురురాజుగా ఉంటాడు, యాదవులలో మిగిలిన వజ్రుడు ఇంద్రప్రస్థంలో ఉంటాడు, ఆ వజ్రుని నీవు రక్షించాలి, మనస్సును అధర్మం వైపు పోనీయవద్దు అని చెప్పాడు.

వజ్రుడు అనిరుద్ధుని కుమారుడు, కృష్ణునికి మునిమనుమడు. అంటే సుభద్రకు అన్నగారి వంశాంకురం. ఆమెకు సొంత మనుమడు చక్రవర్తి. పుట్టింటి అనాథ బాలుడు పక్క నగరంలో చిన్న రాజు. ఒకప్పుడు పాండవులు నిర్మించుకొన్న ఇంద్రప్రస్థం తన మనుమనికే చెందాలని ఆమెకు తోస్తే? ధర్మరాజు పేర్కొన్న అధర్మం అదే అని గ్రహించడం సమంజసం. జీవితమంతా దాయభాగం వల్ల బాధపడినవాడు గనుక, నాయనమ్మ ప్రేమ ఎక్కడ జారుతుందో ఆయనకు తెలుసు. తన రక్తాన్ని ప్రేమించడం ఆమెకు చెప్పనక్కరలేదు. చెప్పవలసినది ఆ ప్రేమను ఇంకొక పిల్లవాని నోటి ముందు అన్నం లాగడానికి వాడవద్దని. ఆ ఒక్క మాటతోనే పితామహీ ధర్మం పూర్తిగా చెప్పబడింది.

పురాణకాలం దాటి చరిత్రకు వస్తే జిజాబాయి ఉంది. శివాజీకి తల్లిగా ఆమెను అందరూ కీర్తిస్తారు, శంభాజీకి నాయనమ్మగా తలచుకొనేవారు తక్కువ. 1657లో పుట్టిన శంభాజీకి రెండేండ్ల వయస్సులో తల్లి సయీబాయి మరణించింది. పెంచినది నాయనమ్మ. ఆ బాలుని బాల్యం ఎట్టిది? ఎనిమిదవ ఏట పురంధర సంధిలో అతని పేర మొఘల్ మన్సబు రాయబడింది. సంధి నిలబడడానికి పూచీగా అతడు రాజా జయసింహుని శిబిరంలో ఉండవలసివచ్చింది. తొమ్మిదవ ఏట తండ్రితో ఆగ్రాలో బందీ. తండ్రి తప్పించుకొని ముందు రాగా, బాలుడు మథురలో ఒక బ్రాహ్మణ కుటుంబం వద్ద గుప్తంగా ఉండి తరువాత ఇల్లు చేరాడు. రాజకీయం అనే చదరంగంలో పసివాడు పావు అయినప్పుడల్లా తిరిగి వచ్చి చేరుకొనే స్థానం ఒకటి ఉండేది. 1674 జూన్ 6న రాయగడ్‌లో పట్టాభిషేకం జరిగింది. అదే నెల 17న, కొండ దిగువన పాచాడ్‌లో జిజాబాయి కన్నుమూసింది. అప్పటికి సవతి తల్లి సోయరాబాయికి రాజారామ్ పుట్టి నాలుగేండ్లు. తరువాత ఆ ఇంట వారసత్వపు స్పర్ధ ముదిరింది. 1678లో శంభాజీ తండ్రిని విడిచి మొఘల్ సేనాని దిలేర్‌ఖాన్ పక్షంలో చేరి, ఒక సంవత్సరం తరువాత తిరిగి వచ్చాడు. నాయనమ్మ లేకపోవడమే దీనికంతటికీ కారణం అనడం అతిశయోక్తి. కాని తండ్రికీ కొడుకుకూ నడుమ, ఎవరి పక్షమూ కాకుండా ఇద్దరి కన్నీరూ తుడవగల వ్యక్తి ఆ ఇంట అప్పటికి లేదన్నది సత్యం.

పక్షం లేకపోవడం అన్నదే అన్నిటికంటె కష్టమైన సాధన. నేటి సంపన్న కుటుంబాలలో నాయనమ్మలందరూ శరణ్యలే అని చెప్పడం అసత్యం అవుతుంది. తాళాలగుత్తి కొంగున ముడివేసుకొని, ఏ కొడుకుకు ఏ స్థలం రాయాలో నిర్ణయించడమే జీవితంగా పెట్టుకొన్న వృద్ధురాలి ఒడిలో పిల్లవాడు పడుకోవచ్చు, విశ్రాంతి మాత్రం పొందడు. "నిన్న రాత్రి మీ అమ్మ ఏమన్నది రా?" అని మిఠాయి చేతిలో పెట్టి అడిగే నాయనమ్మ ఆ శిశువును గూఢచారిగా మారుస్తున్నది. "మీ నాన్న వట్టి దుర్మార్గుడు" అని అన్నం ముద్దతో పాటు తినిపించే అమ్మమ్మ ఆ శిశువు సగభాగాన్ని శిశువుకే శత్రువుగా చేస్తున్నది, ఏలనగా వానిలో సగం ఆ తండ్రే. దుఃఖంతో అన్న మాటే కావచ్చు, అబద్ధం కూడ కాకపోవచ్చు. అయినా ఆ చెవి ఆ మాట వినవలసినది కాదు. కోడలిపై కోపం మనుమరాలి జడ దువ్వేటప్పుడు చేతిలోకి రాకూడదు. ఇది గొప్ప తపస్సు. అడవిలో పంచాగ్నుల మధ్య కూర్చోవడం దీనికంటె సులభం అనిపించిన వృద్ధులు ఎందరో ఉంటారు.

దీనిపై ఒక ఆక్షేపణ న్యాయంగానే వస్తుంది. అధికారం విడువమని ముసలివారికి చెప్పడం సులభం. ఆస్తి అంతా రాసిచ్చిన మరునాడు వారిని వృద్ధాశ్రమం గేటు వద్ద దింపి వెళ్ళే కుమారులు లేరా? ఉన్నారు. ఆ భయం కల్పితం కాదు గనుకనే 2007లో తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ సంక్షేమ చట్టం చేయవలసివచ్చింది. పోషిస్తాననే షరతుపై ఆస్తి పుచ్చుకొని ఆ మాట తప్పినవాని నుండి ఆస్తి వెనుకకు తీసుకొనే మార్గం ఆ చట్టం 23వ సెక్షనులో ఉంది. దానపత్రంలోనే ఆ షరతు స్పష్టంగా రాయించుకోవడం వివేకం. వానప్రస్థం అంటే ఆకలికి తనను తాను అప్పగించుకోవడం కాదు. తన నివాసానికి, ఔషధాలకు, దానధర్మాలకు చాలినంత స్త్రీధనం తన చేతిలో ఉంచుకోవాలి. నిలుపుకోవలసినది జీవిక, వదులుకోవలసినది తీర్పు చెప్పే పీఠం. వీలునామాను బెత్తంగా ఊపడం ఒకటి, పూటకూటికి ఒకరిపై ఆధారపడకుండా ఉండడం వేరొకటి. ఈ భేదం తెలియక కొందరు అంతా పోగొట్టుకొంటున్నారు, మరికొందరు చివరి శ్వాస దాకా అంతా పట్టుకొని కూర్చుంటున్నారు. నిర్భయంగా ఉన్న వృద్ధురాలు మాత్రమే పిల్లవానికి అభయం ఇవ్వగలదు. కావున ఆమె భద్రతను చూడడం కుమారుల బాధ్యత అనడం చాలదు, అది వారి సంతానానికి వారు చేసుకొనే మేలు.

తల్లిదండ్రులకు కూడ ఒక మాట చెప్పాలి. విడాకుల వ్యాజ్యం నడిచే ఇండ్లలో మొదట తెగేది ఈ తంతువే. ఎదుటి పక్షాన్ని బాధించడానికి చేతికి అందే ఆయుధం వారి తల్లికి పిల్లవానిని చూపకపోవడం. న్యాయస్థానంలో తండ్రికి ఇన్ని గంటలు, తల్లికి ఇన్ని దినాలు అని లెక్క తేలుతుంది. ఆ లెక్కలో నాయనమ్మ పేరు గాని అమ్మమ్మ పేరు గాని సాధారణంగా కనబడదు. దంపతులు విడిపోయే హక్కు వారిది. పిల్లవానికి ఆ రెండు ముసలి ఒడులూ పోగొట్టే హక్కు వారికి ఎవరు ఇచ్చారు? విదేశాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఇంకొక రూపం కనిపిస్తుంది. కాన్పు సమయానికి అమ్మమ్మను అమెరికాకు రప్పిస్తారు, సందర్శకుల వీసా ఆరు నెలలు ముగిసేసరికి నాయనమ్మ విమానం ఎక్కుతుంది. పిల్లవానికి ఏడాది నిండేసరికి ఇద్దరి అవసరమూ తీరిపోతుంది, ఆ తరువాత ఫోను తెరపై పండుగ పూట పలకరింపులు మిగులుతాయి. జీతం ఇవ్వనక్కరలేని ఆయాగా పిలువబడిన స్త్రీ, కష్టకాలంలో ఆ బిడ్డకు శరణం కావాలంటే ఎట్లు కాగలదు? శరణం అన్నది నిత్యసాన్నిధ్యం వల్ల ఏర్పడే బంధం, అవసరానికి అరువు తెచ్చుకొనే వస్తువు కాదు.

శాస్త్రం ఈ స్త్రీలను ఏ స్థానంలో నిలిపిందో తర్పణ విధిలో కనిపిస్తుంది. వివాహ ఉపనయనాది శుభకర్మలకు ముందు చేసే నాందీశ్రాద్ధంలో తండ్రుల వరుస కంటె ముందు మాతృ, పితామహీ, ప్రపితామహుల వరుస వస్తుంది. మహాలయ పక్షంలో పేర్లు చెప్పి నువ్వులు, నీళ్ళు విడిచేటప్పుడు తండ్రి వసురూపుడు, తాత రుద్రరూపుడు, ముత్తాత ఆదిత్యరూపుడు. స్త్రీల వరుసకూ అదే క్రమం, కావున పితామహి రుద్రరూప. ఆ క్షణంలో పురోహితుడు "మీ నాయనమ్మగారి పేరు?" అని అడిగితే కోట్లకు అధిపతులైన యజమానులు ఫోను తీసి ఊరిలో ఉన్న మేనత్తను అడగడం ఈనాడు ప్రతి ఆలయ తటాకం వద్ద, ప్రతి నదీఘట్టంలో సాధారణ దృశ్యం. తాత పేరు దస్తావేజుల్లో ఉంటుంది గనుక గుర్తుంటుంది. అప్పుడప్పుడు మాత్రం ఒకడు వస్తాడు, తండ్రి పేరు చెప్పేటప్పుడు గొంతు పెగలదు, తల్లి పేరు చెప్పేటప్పుడు చూపు నేల వైపు పోతుంది, నాయనమ్మ పేరు వద్దకు వచ్చేసరికి అడగకముందే చెబుతాడు, గోత్రంతో సహా. ఆ తరువాత వరుసలో మాతామహి పేరు వస్తుంది. బతికి ఉండగా ఒకరి గడప ఒకరు తొక్కని ఆ ఇద్దరు వియ్యపురాండ్రకూ అదే దర్భల మీదుగా, అదే దోసిలి నుండి నీళ్ళు వదులుతాడు.